గంప ఎవరి నెత్తిన?

రాష్ట్ర రెవెన్యూ, వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి, కార్మిక, స్త్రీ శిశు సంక్షేమ శాఖల పెద్దలకు. కర్నూలు, గుంటూరు, పల్నాడు జిల్లాల అధికారులకు,

నమస్కారాలు.

మాది కర్నూలు జిల్లా పడమటి కొస, కోసిగి వైపు. మా పొలాలు దాటితే తుంగభద్ర, ఏరు దాటితే కర్ణాటక. పదేళ్లు మా ఊరి పొదుపు సంఘాలకు లెక్కలు రాశాను. అంతకు ముందు, ఏడో ఏట నుంచి పద్నాలుగో ఏట దాకా, మా అమ్మ కొంగు పట్టుకుని సుగ్గికి పోయాను. సుగ్గి అంటే ఏమిటో మీలో కోస్తా వైపు వారికి తెలియకపోవచ్చు. కోతల కాలంలో ఊరు విడిచి కూలికి పోవడాన్ని మేము అలా అంటాం. కన్నడంలో అది పంట ఇంటికొచ్చే కాలం, సంబరం. ఏరు దాటి మా గట్టుకు వచ్చేసరికి సంబరం అవతలే ఉండిపోయింది, కూలి మాత్రం వచ్చింది.

ఇలా అందరి ముందు లేఖ పెట్టడానికి కారణం ఉంది. రెండేళ్ల కిందట మా సంఘం ఆడవాళ్లం పన్నెండు మందిమి ఒక కార్యాలయంలో అర్జీ ఇచ్చాం. సుగ్గికి పోయేవాళ్ల పేర్లు ఊళ్లోనే రాసిపెట్టండి, ఆడవాళ్లవి విడిగా రాయండి, వాళ్లు ఎక్కడుంటే అక్కడ అంగన్‌వాడీ సరుకు అందేలా చూడండి అని అడిగాం. రసీదు ఇచ్చారు. నెల తిరక్కముందే "మీ అర్జీ పరిష్కరించబడినది" అని నా ఫోనుకు సందేశం వచ్చింది. ఆ సందేశం వచ్చిన రోజుకు ఆ పన్నెండు మందిలో ఏడుగురు మిరప చేలలో ఉన్నారు. నేను మళ్లీ వెళ్లి అడిగితే అక్కడి అధికారి, "కరువు పరిహారం అడగండమ్మా, దానికి పద్దు ఉంది. దీనికి పద్దు లేదు" అన్నారు. ఆయన కసురుకోలేదు, కుర్చీ వేసి కూర్చోబెట్టి మరీ చెప్పారు. ఆ లేని పద్దు గురించే ఈ లేఖ.

"ఉత్తర చూసి ఎత్తర గంప, విశాఖ చూసి విడవర కొంప" అని మా పెద్దల మాట. ఉత్తర కార్తె సెప్టెంబరు నడుమ వస్తుంది, విశాఖ నవంబరు మొదట్లో. ఉత్తరకూ వాన లేకపోతే గంప ఎత్తుకో, విశాఖకూ లేకపోతే ఇల్లే విడిచిపో అని దాని అర్థం. సామెత మాట్లాడేది మగవాడితో: ఎత్తరా, విడవరా. నేను చూసిన గంప మాత్రం మా అమ్మ నెత్తిన ఉండేది. అందులో రొట్టెల పెనం, జొన్నపిండి, రెండు చెంబులు, నా చెల్లెలి ఉయ్యాల గుడ్డ. మా నాయన ముందు నడిచి, కూలీలను కుదిర్చి తీసుకుపోయే మేస్త్రీతో అడ్వాన్సు లెక్క మాట్లాడేవాడు. అడ్వాన్సు ఇద్దరి పనికీ ఇచ్చేవారు, తీసుకునేది ఆయన. ప్రభుత్వం కరువు పద్దు చూసినప్పుడల్లా నాకు ఆ నడకే గుర్తొస్తుంది.

కరువు మాకు కొత్త కాదు. 1876-78 నాటి ధాత కరువు కథలు మా అవ్వ వాళ్ల అవ్వ దగ్గర విన్నవి చెప్పేది. మారింది వాన తీరు. జూన్‌లో ఒక మంచి పదును పడుతుంది, ఆశపడి విత్తుతాం. తర్వాత మూడు నాలుగు వారాలు మబ్బులు వస్తాయి, పోతాయి, చుక్క రాలదు. మొలక మాడిపోతుంది. మళ్లీ విత్తనం, మళ్లీ అప్పు. పత్తి పగిలి కాయ తెల్లబడే అక్టోబరులో కుండపోతగా కురుస్తుంది. ఉల్లి మడిలోనే కుళ్లిపోతుంది. కార్తెల లెక్క తెలిసిన మా నాయన ఇప్పుడు "ఏ కార్తె ఏ వాన తెస్తుందో నాకు తెలీదు, ఫోనులో చూసి చెప్పు" అని నన్నే అడుగుతాడు. భూమి సగటు వేడి పారిశ్రామిక యుగానికి ముందుకంటే 1.1 డిగ్రీలు పెరిగిందని, కుండపోతలు ఎక్కువయ్యాయని ఐక్యరాజ్య సమితి వాతావరణ సంఘం (ఐపీసీసీ) శాస్త్రవేత్తలు 2021లోనే చెప్పారు. మాకు ఆ ఒక్క డిగ్రీ రెండో విత్తనం సంచి రూపంలో కనబడుతుంది.

2009 అక్టోబరు 2న ఇదే తుంగభద్ర మంత్రాలయాన్ని ముంచింది, కర్నూలు పట్టణం నీళ్లలో మునిగింది. 2023 ఖరీఫ్‌లో ప్రభుత్వమే 103 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించింది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయింది. ఆ డ్యాం కట్టినప్పుడు సుమారు 133 టీఎంసీలు పట్టేది, పూడిక పేరుకుని ఇప్పుడు 105 చిల్లర. దాని దిగువ కాలువ ఆఖరి నీళ్లు మావి. అన్నిటికీ వాతావరణమే కారణం అనను. గేటు గొలుసు తెగడం మబ్బుల తప్పు కాదు, మరమ్మతు తప్పు. కానీ వాన మీద నమ్మకం పోయిన చోట కాలువ కూడా ఎండితే మనిషి కదలక తప్పదు.

ఎవరు కదులుతారు అన్నది ఒక్కో తీరుగా ఉంటుంది. పదేళ్ల పొదుపు పుస్తకాల్లో వాయిదా కట్టనివారి పేర్లు రాస్తూ రాస్తూ నాకు ఇది అర్థమైంది. వాన ఒక విడత తప్పితే మగవాళ్లు బెంగళూరు పోతారు, ఆడవాళ్లు ఉంటారు. రెండు విడతలు తప్పితే భార్యాభర్తలిద్దరూ పోతారు, పిల్లలు అవ్వ దగ్గర. పంట మొత్తం పోతే ఇంటికి తాళం, గడపకు అడ్డంగా ముళ్లకంప. వరద వస్తే ఇది తలకిందులవుతుంది: ఆడవాళ్లు పిల్లలతో పుట్టింటికి, మగవాళ్లు తడిసిన ఇంటికి కాపలా. ఒకే వాన, ఒకే ఇల్లు. పోయే దారి వేరు, పోయాక పడే పాట్లు వేరు. మీ దగ్గర మాత్రం ఒకటే ఫారం ఉంది. అందులో "కుటుంబ యజమాని పేరు" అని ఒకటే గీత.

ఈ తేడా వల్ల జరుగుతున్నవి ఇవి.

1. మొదట లెక్క సంగతి. కేంద్ర ప్రభుత్వ శ్రామిక సర్వే 2020-21 ప్రకారం దేశంలో ఆడవాళ్లలో 47.9 శాతం మంది, మగవాళ్లలో 10.7 శాతం మంది వలస వచ్చినవాళ్లు. ఆడవాళ్లు ఇంతగా తిరుగుతున్నారా అని ఆశ్చర్యపోయేలోపు కింద కారణం కనబడుతుంది: వలస వచ్చిన ఆడవాళ్లలో 86.8 శాతానికి పెళ్లి. పెళ్లై అత్తగారింటికి వచ్చిన మరుసటి నెలే మొగుడితో లారీ ఎక్కిన పిల్ల ఏ గడిలో పడుతుంది? ఆ గడి లేదు. పైగా ఆరు నెలలు ఉన్న చోటే నివాసం అని ఆ సర్వే నియమం. మా సుగ్గి నాలుగైదు నెలలు. అంటే మేము ఊరు కదలనట్టే లెక్క.

పెళ్లి అన్న మాట వెనక ఇంకొకటి ఉంది. కరువు ఏట మా వైపు పెళ్లిళ్లు తొందరపడతాయి. పదహారేళ్ల పిల్లను ఊళ్లో ఒంటరిగా వదల్లేరు, టార్పాలిన్ గుడారంలో పదిమంది మధ్య పడుకోబెట్టనూ లేరు. "ఒకరి చేతిలో పెడితే మాకు నిద్ర పడుతుంది" అంటారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) చూస్తే మన రాష్ట్రంలో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లైంది. దేశం సగటు 23.3. అందులో వాన తప్పిన ఏట, సుగ్గికి ముందు, హడావుడిగా చేసిన పెళ్లిళ్లు ఎన్ని? ఆ పిల్లలు మీ పట్టికలో పెళ్లి వలస. మా ఊరికి అది వాన తెచ్చిన వలస.

ఇప్పుడు జనగణన వస్తోంది. దానికి ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. ఆ తేదీ పెట్టినవారికి మిరప కోతలు ఎప్పుడో తెలిసి ఉండదు. ఆ రోజుకు మా ఊళ్లో దొరికేది అవ్వలు, తాతలు, పసిపిల్లలు.

2. పొలం ఆమెది, వేలిముద్ర ఆయనది. మగవాడు బెంగళూరు పోయాక కలుపు, గుంటక, మందు పిచికారీ, కాపలా అంతా ఆడదాని మీదే. దేశంలో కమతాల్లో ఆడవాళ్లు సాగుదారులుగా లెక్కకెక్కినవి 2015-16 వ్యవసాయ గణన నాటికి 13.9 శాతమే. ఏ పొలంలో ఏ పంట వేశారో ప్రభుత్వం రాసుకునే ఈ-పంట నమోదుకు ఒకసారి మా పక్కింటి ఆమెతో నేనూ పోయాను. ఆఖరి రోజు. పట్టా మొగుడి పేరున, ఓటీపీ ఆయన ఫోనుకు పోతుంది. ఆయన సెంట్రింగ్ పనిలో ఉన్నాడు. మనిషి తొమ్మిదో అంతస్తు స్లాబు మీద, ఫోను కింద షెడ్డులో చార్జింగుకు పెట్టి ఉంది. మేము పదకొండు సార్లు చేశాం. ఎవరో కుర్రాడు ఫోనెత్తి, అంకెలు చదివి వినిపించేసరికి గడువు తీరిపోయింది. మళ్లీ పంపమంటే సర్వరు లేదన్నారు. ఆ ఏడు ఆమె నాలుగెకరాల పత్తి పోయింది. పరిహారం జాబితాలో ఆ పొలం లేదు.

ఇన్‌పుట్ సబ్సిడీకి, అంటే పంట నష్ట సాయానికి, కేంద్రం 2022-26కు పెట్టిన నియమం మీకు తెలిసిందే: 33 శాతం పైన పంట నష్టం ఉంటే వర్షాధార భూమికి హెక్టారుకు 8,500 రూపాయలు, రెండు హెక్టార్ల వరకు. అది పట్టాదారుకు. కౌలుదారుకు కార్డు ఇస్తామని 2019లో చట్టం తెచ్చారు, మంచిదే, కానీ ఆ కార్డుకు భూమి యజమాని ఒప్పుకోవాలి, పదకొండు నెలలకే చెల్లిపోతుంది. ఊళ్లో మిగిలిన ఆడకూతురు పెద్ద రైతు గడపలో నిలబడి సంతకం అడగాలి. మగవాడైతే టీ కొట్టు దగ్గర అడుగుతాడు, ఈమె ఎక్కడ అడగాలి? ఇక సెంటు భూమి లేని కూలికి పంట నష్టం అంటే పని నష్టం. ఆ నష్టానికి హెక్టార్లు లేవు, కాబట్టి పరిహారమూ లేదు.

3. మిరప చేను. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఓర్చుకోండి. కాగితాల్లో "కూలీలు" అన్న ఒక్క మాటతో పోయే చోటు ఇది.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా గుంటూరు, పల్నాడు చేలలో కోతలు. కోసేది ఎక్కువగా ఆడవాళ్లు. మగవాళ్లు బస్తాలు తొక్కి, మోసి, బండికి ఎత్తుతారు. కోత కిలో లెక్కన, మోత బస్తా లెక్కన. తాలు కాయలు ఏరడం, కల్లంలో తిరగబెట్టడం ఆడవాళ్ల పనే, చాలా చోట్ల దానికి విడిగా కూలి ఉండదు, "పొద్దు గూకాక కాసేపు" అంటారు. చేతులు రెండో రోజు నుంచి మండుతాయి. మంట అంటే అల్లం కోస్తే వచ్చే మంట కాదు, గోళ్ల సందున నిప్పు పెట్టినట్టు. ఆముదం రాసుకుంటారు, మజ్జిగలో ముంచుతారు. నా చెల్లెలికి అప్పుడు ఎనిమిది నెలలు. మధ్యాహ్నం పాలకు ఏడిస్తే మా అమ్మ చేతులు ఆవుపేడతో రుద్ది, బూడిదతో రుద్ది, మళ్లీ నీళ్లతో కడిగి కూడా బిడ్డను ముట్టుకోవడానికి భయపడేది. ఒకసారి ముట్టుకుంది. బిడ్డ కళ్లు వాచి రెండు రోజులు తెరవలేదు. ఆ తర్వాత నేను చెల్లెల్ని పట్టుకుని కూర్చుంటే అమ్మ చేతులు వెనక్కి కట్టుకుని వంగి పాలిచ్చేది. నా మూడో తరగతి అలా ఆ చేను గట్టు మీద అయిపోయింది.

స్నానం తెల్లారక ముందే, బోరు దగ్గర, చీకట్లో. మరుగుకు చేను గట్టే. బయట చేరిన రోజుల్లో కూడా సెలవు ఉండదు, కూర్చుంటే ఆ రోజు కిలోలు పోతాయి. అందుకని నీళ్లు తక్కువ తాగుతారు. మార్చి ఎండలో నీళ్లు తాగకుండా పదిగంటలు వంగి కోస్తే ఏమవుతుందో డాక్టర్లు చెప్పనక్కర్లేదు. మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని అదే కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఆ రక్తంతోనే కోస్తారు, కొందరు నెలలు నిండే దాకా.

ఇది ఎక్కడికి దారి తీస్తుందో మహారాష్ట్రలో బీడ్ జిల్లాను చూడండి. అదీ కరువు సీమే. అక్కడ చెరకు నరకడానికి భార్యాభర్తలను కలిపి ఒక "కోయితా" కింద, అంటే ఒక కొడవలి కింద, లెక్కపెట్టి అడ్వాన్సు ఇస్తారు. ఒకరు మానినా జరిమానా. నెలసరి వల్ల పని ఆగకూడదని ఆడవాళ్లు గర్భసంచులే తీయించుకున్నారు. 2019లో అక్కడి ప్రభుత్వం వేసిన కమిటీ కోసం 82,309 మంది చెరకు కూలీ ఆడవాళ్లను అడిగితే 13,861 మందికి గర్భసంచి లేదు. మా దగ్గర అంత దూరం రాలేదు. రాకముందే అడుగుతున్నాం.

4. మగవాళ్ల వలస సుఖమని నేను అనడం లేదు. బెంగళూరు షెడ్డులో పద్నాలుగు మంది ఒక రేకు కింద పడుకుంటారు. ఏప్రిల్‌లో రేకు రాత్రి పదింటికి కూడా చల్లారదు. పైనుంచి పడి నడుం విరిగి వచ్చినవాళ్లు మా ఒక్క వీధిలోనే ఇద్దరున్నారు. భవన నిర్మాణ కార్మికులకు 1996లోనే చట్టం వచ్చింది, కట్టడం ఖర్చులో కనీసం 1 శాతం సెస్సు వసూలవుతుంది, ఏడాదిలో 90 రోజులు పని చేసినట్టు చూపితే కార్డు ఇస్తారు. మావాళ్లు ఈ రాష్ట్రంలో పని చేయరు, ఆ రాష్ట్రంలో కాగితాలు లేవు. నడుం విరిగితే మేస్త్రీ ఇచ్చిన ఐదు వేలు, ఇంటికి బస్సు చార్జీ.

ఇంకొకటి, దాన్ని మగవాళ్లు చెప్పరు కాబట్టి నేను చెబుతాను. ఉత్త చేతులతో ఇంటికి రావడం మగవాడికి చావు. ఆడది సుగ్గి నుంచి ఏమీ లేకుండా వస్తే "పాపం, చిక్కిపోయింది" అంటారు. మగవాడు వస్తే "ఇన్నాళ్లు ఏం చేసినావురా" అంటారు. అందుకే ఉగాదికి రావలసినవాడు రాడు, మరుసటి ఉగాదికీ రాడు. ఫోను నంబరు మారుతుంది. ఇక్కడ ఆమె పేరున సంఘం అప్పు, మైక్రో ఫైనాన్సు వారం వాయిదా. మొగుడు ఉన్నట్టా లేనట్టా? ఉన్నట్టే, కాబట్టి వితంతు పింఛను రాదు. ఒంటరి మహిళ అనిపించుకోవడానికి విడిపోయినట్టు కాగితం కావాలి. ఆమెకు ఆ కాగితం అక్కర్లేదు, మనిషి రావాలని ఉంది.

5. చట్టం రాష్ట్రం హద్దు దగ్గరే నిద్ర లేస్తుంది. 1979 నాటి వలస కార్మికుల చట్టం అంతర్రాష్ట్ర కార్మికులకే. దాని స్థానంలో తెచ్చిన 2020 వృత్తి భద్రత కోడ్ కూడా రాష్ట్రం దాటినవాళ్లనే వలస కార్మికులంటుంది. రాయచూరు మాకు రైల్లో గంట దూరం. అక్కడ పత్తి తీతకు పోయినవాళ్లు అంతర్రాష్ట్రం. గుంటూరుకు రాత్రంతా లారీలో కూర్చుని పోవాలి; వాళ్లు ఏమీ కారు. మగవాళ్లు ఎక్కువగా బెంగళూరుకు, ఆడవాళ్లతో కూడిన కుటుంబాలు ఎక్కువగా గుంటూరుకు పోతాయి. అంటే ఆ చట్టం నీడ ఉన్నంతలో మగవాడి మీదే పడుతుంది. కావాలని ఎవరూ చేసి ఉండరు. కానీ జరుగుతున్నది అదే.

6. పిల్లలు. తల్లిదండ్రులు సుగ్గికి పోయిన నెలల్లో పిల్లలను ఉంచుకునే సీజనల్ హాస్టళ్లు మంచి ఆలోచన. మా ఊళ్లో అవి తెరిచేసరికి లారీ వెళ్లిపోయి ఉంటుంది. మగపిల్లల్ని అవ్వ దగ్గర వదిలి బడికి పంపుతారు. ఆడపిల్లను తీసుకుపోతారు, ఎందుకంటే చంటిదాన్ని పట్టుకునే చేతులు కావాలి. ఆ చేతులు నావి.

7. కడప, అన్నమయ్య జిల్లాల్లో ఎండిన బోర్ల మీది అప్పు తీర్చడానికి ఆడవాళ్లు కువైట్‌కు ఇంటిపనికి పోతారు. ముప్పై ఏళ్లలోపు ఆడవాళ్లు ఆ పనికి గల్ఫ్‌కు పోకూడదని నిబంధన, 2016 ఆగస్టు నుంచి ప్రభుత్వ సంస్థల ద్వారానే పోవాలని మరొకటి. రక్షణ కోసమే పెట్టారు. ఇరవై ఆరేళ్ల మనిషికి అప్పు ముప్పై దాకా ఆగదు కదా. విజిట్ వీసా మీద పంపే ఏజెంటు దగ్గరికి పోతుంది, అప్పుడు ఏ జాబితాలోనూ ఉండదు. అదే వయసు మగవాడికి ఆ అడ్డు లేదు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. సుగ్గి ఆపండి అని మేము అడగడం లేదు. "వలసల నివారణ" అని బోర్డు పెట్టినప్పుడల్లా మా ఆడవాళ్లు నవ్వుకుంటారు. మా ఊళ్లో దొరికే కూలి కంటే మిరప కోత కూలి ఎక్కువ. ఆ డబ్బుతోనే నేను డిగ్రీ దాకా చదివాను. అత్త ఇంట్లో ఒంటరిగా ఉండడం కంటే సుగ్గే నయం అనే కోడళ్లు ఉన్నారు, వాళ్ల మాట కూడా వినాలి. పోవడం మా ఇష్టంతో ఉండాలి, పోయిన చోట మనుషుల్లా ఉండాలి, మిగిలినవాళ్లకు పొలం మీద హక్కు ఉండాలి. అందుకు ఇవి చేయండి.

1. ఉత్తర కార్తెలోపు ప్రతి గ్రామ సచివాలయంలో సుగ్గి పుస్తకం తెరవండి. పోయేవారి పేర్లు ఆడ, మగ విడివిడిగా, ఎక్కడికి, ఏ మేస్త్రీ, ఆయన ఫోను నంబరు, గర్భిణి అయితే ఎన్నో నెల, చంటిబిడ్డ ఉందా. ఆ పుస్తకం నకలు గుంటూరు, పల్నాడు జిల్లాలకు పంపండి. పొదుపు సంఘాలకు అప్పగిస్తే పది రోజుల పని. నేను ఉచితంగా చేస్తాను.

2. ఈ-పంటకు, పరిహారానికి ఊళ్లో ఉండి సాగు చేస్తున్న మనిషి వేలిముద్ర చాలునని ఉత్తర్వు ఇవ్వండి. భార్యాభర్తల్లో ఎవరు వచ్చినా చెల్లాలి. ఓటీపీ ఆమె ఫోనుకు రావాలి.

3. రేషను బియ్యం ఏ ఊళ్లోనైనా తీసుకునే ఏర్పాటు 2019 ఆగస్టులో దేశంలో మొదట మొదలైన నాలుగు రాష్ట్రాల్లో మనది ఒకటి. అంగన్‌వాడీ గుడ్డు, పాలు కూడా అలాగే వెంట రావాలి. కోతల నాలుగు నెలలు మిరప మండలాల్లో చేలకు దగ్గరగా తాత్కాలిక అంగన్‌వాడీలు, వారానికోసారి ఏఎన్ఎం నర్సు, ప్రతి గుడారాల గుంపుకూ మరుగుదొడ్డి, స్నానానికి తడిక, తాగునీరు పెట్టాలి. ఇవి చూపనిదే మేస్త్రీకి అనుమతి ఇవ్వకండి. కూలి ఆడమనిషి ఖాతాలో విడిగా పడాలి, తాలు ఏరిన గంటలకు కూడా.

4. కార్మిక విషయాలు కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టాలు చేయగల ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. జిల్లా దాటి పోయే కూలీలకు కూడా రక్షణ వర్తించేలా రాష్ట్రమే చట్టం చేయవచ్చు. చేయండి. బెంగళూరులో మా మగవాళ్లకు కార్డులు ఇప్పించే మాట కర్ణాటక అధికారులతో మాట్లాడండి.

5. కరువు ప్రకటన అక్టోబరు ఆఖరున వస్తుంది. విశాఖ కార్తె నవంబరు మొదట్లో. మధ్యలో వారం. ఉపాధి పనికి ఏ పేరు పెట్టినా, రోజులు ఎన్ని చేసినా, అది సెప్టెంబరులో, మొలక మాడిన వారమే మొదలుకావాలి. చంటిపిల్లల తల్లులకు, మొగుడు ఊళ్లో లేనివారికి ముందు ఇవ్వాలి. సీజనల్ హాస్టళ్లు దసరాకే తెరవాలి, ఆడపిల్లలకు సగం చోట్లు ఉంచాలి.

6. జనగణనలో మిరప, పత్తి మండలాల గుడారాలకు ప్రత్యేకంగా మనుషుల్ని పంపమని కేంద్రానికి రాయండి. "ఎందుకు వచ్చారు" అని ఆడవాళ్లను కూడా అడగమనండి, జవాబు మొగుడి నోటి నుంచి కాకుండా ఆమె నోటి నుంచి రాసుకోమనండి.

ఈ లేఖ నకళ్లు పై శాఖలన్నిటికీ రిజిస్టరు పోస్టులో పంపుతున్నాం. ఈసారి జవాబు సందేశంగా వద్దు, కాగితం మీద కావాలి, ఆరు అడిగినవాటిలో ఏది చేస్తారో, ఏది చేయరో, చేయకపోతే ఎందుకో విడివిడిగా రాసి. పడమటి మండలాల్లో లారీలు దీపావళి దాటాక బయల్దేరతాయి. అంతకు ముందే ఇవ్వండి. తర్వాత ఇస్తే చదివి వినిపించడానికి ఊళ్లో నేను ఉంటాను, వినేవాళ్లు ఉండరు.

ఇట్లు,
కోసిగి వైపు నుంచి ఒక సుగ్గి కూలి కూతురు, పొదుపు సంఘం ఆడవాళ్ల తరఫున